మైకు ఆపి ఉంది

గాజు గది బయట వేసిన కుర్చీ మరీ పల్లంగా ఉంది. కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఉన్నాయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఇంతమంది కలిసి ఏరి కొన్న కుర్చీలో కొనేముందు ఒక్కరూ కూర్చుని చూసినట్టు లేదు అనుకుంది ఆమె, వెంటనే, మనం చేసే పనులు మాత్రం ఏం తక్కువ అని కూడా అనుకుంది. గది గోడ మొత్తం గాజే అయినా మోకాళ్ల ఎత్తు నుంచి మెడ ఎత్తు దాకా పాలరంగు కాగితం అంటించారు. లోపల నిలబడ్డవాళ్ల తలలు కనిపిస్తాయి, కూర్చున్నవాళ్ల పాదాలు కనిపిస్తాయి, మధ్యలో ఉండాల్సిన మనిషి కనపడడు. ఇప్పుడు కనిపిస్తున్న పాదాలు పెద్దక్కవి. వాళ్ల జట్టుకు పెద్ద కాబట్టి పెద్దక్క, వయసులో పైవాళ్లు కూడా ఆవిడను అలాగే పిలుస్తారు. ఏదైనా చిక్కుముడి విప్పుతున్నప్పుడు బల్ల కింద చెప్పులు వదిలేసి పాదం మీద పాదం వేసుకోవడం ఆవిడ అలవాటు. చెప్పులు వదిలిందంటే ఇక దారి దొరికినట్టేనని జట్టంతా నిబ్బరంగా ఉండేది. ఇవాళ రెండు చెప్పులూ కాళ్లకే ఉన్నాయి. పాదాలు పక్కపక్కనే, బడిలో వరసలో నిలబెట్టిన పిల్లల్లా కదలకుండా ఉన్నాయి. విప్పడానికి ఇందులో ముడి ఏమీ లేదని ఆవిడకు తెలిసిపోయింది కాబోలు.

ఆవిడ తరవాత తనే. ఏం అడుగుతారో తథాస్తు ముందే చెప్పి వెళ్లాడు. తథాస్తు అంటే మేనేజరు. పైనుంచి కంపెనీ పెద్దాయన ఏమన్నా అవుననే మనిషి కాబట్టి పక్క సీటు అతను ఆ పేరు పెట్టాడు, అది ఎంతగా అతికిపోయిందంటే ఒకసారి ఎవరో పొరపాటున ఎదురుగానే అలా పిలిస్తే ఆయన పలికాడు కూడా. ఇందాక వచ్చి, కుర్చీ ముందు వంగి, పసిపిల్లకు మందు తాగించే గొంతుతో అన్నాడు. "నిన్ను అడిగేది ఒక్కటేనమ్మా. ఇలా అవుతుందని ముందే తెలుసా అని. తెలియదు అను. తెలియదన్న వాళ్లకి ఏమీ కాదు." ఆమె తల ఊపింది. ఊపిందా? ఊపే ఉంటుంది. తల ఊపడం ఆమెకు రెప్ప వేయడం లాంటిది, తన ప్రమేయం లేకుండా జరిగిపోతుంది. తెలియదు. ఎంత తేలికైన మాట, నోట్లో వేసుకుంటే కరిగిపోయేలా ఉంది.

తెలుసు మరి. ఇంట్లో ఫోను కిటికీ గూట్లో ఉండేది, ఇంటిల్లిపాదికీ అదొక్కటే. నాన్న పనికి వెళ్తే ఆయన జేబులో, తిరిగొస్తే గూట్లో. మోగితే దగ్గరున్నవాళ్లు ఎత్తి నీకే అని కేకేసేవాళ్లు, ఆ నీకే ఎవరికో ఇంట్లో అందరికీ గొంతును బట్టి తెలిసిపోయేది, వదినకైతే ఒక రకం, నానమ్మకైతే ఇంకో రకం. బడిలో అడిగినా, ఆసుపత్రిలో అడిగినా, బ్యాంకులో అడిగినా అందరూ చెప్పింది ఆ నంబరే. ఎవరూ నా నంబరు అనేవారు కాదు, మా ఇంటి నంబరు అనేవారు. అమ్మకు ఆ అంకెలు పాటలా వచ్చు, మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవాలి. పరీక్ష ఫలితం, వదినకు పుట్టింటి కబురు, నానమ్మకు గుండె మాత్రలు వచ్చాయన్న సమాచారం అన్నీ ఆ గూట్లోకే వచ్చి వాలేవి. ఆ ఇంట్లో పుట్టి పెరిగినదానికి, ఒక నంబరు అంటే ఒక మనిషి కాదని ఎవరైనా చెప్పాలా.

వాళ్ల కంపెనీ చేసేది రక్తపరీక్షల ఫలితాలు మనిషి ఫోనుకూ వైద్యుడి ముందుకూ చేర్చే పని. చోటుచోటా ఉన్న పరీక్షా కేంద్రాల పాత ఫలితాలన్నీ తెచ్చి, ఎవరివి వాళ్ల పేరు కింద సర్దాలి. పేర్లు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి, పుట్టినతేదీలు సగం మందికి లేవు. అన్నీ సరిచూడాలంటే నెలలు పడుతుందని పెద్దక్క చెప్పింది. అప్పటికే పెద్దాయన ఎక్కడో వేదిక ఎక్కి ఫలానా రోజున మొదలుపెడుతున్నామని ప్రకటించి వచ్చాడు. ఇల్లు కట్టకముందే గృహప్రవేశానికి పిలుపులు పంచినట్టు, ఆ తేదీ ముందు వచ్చి, పని దాని వెనక ఈడ్చుకుంటూ వచ్చింది. ఆయన చెడ్డవాడనీ అనలేదు ఆమె. ఎదురుపడితే నవ్వుతాడు, పేరు మాత్రం తప్పు పిలుస్తాడు, ఆ తప్పు పేరుకే పలకడం ఆమె అలవాటు చేసుకుంది. ఫలితాలను ఎలా సర్దాలో కూడా ఆయన ఆ రోజే తేల్చేశాడు. ఫోను నంబరు కలిస్తే ఒకే మనిషి. ఎవరి ఫోను వాళ్ల జేబులో ఉంటుంది కదా, దీనికి నెలలెందుకు అన్నాడు. తథాస్తు తథాస్తు అన్నాడు. పెద్దక్క మాత్రం జట్టునంతా పిలిచి, నాకెందుకో మనసొప్పడం లేదు, ఏదైనా తేడా వస్తుందనిపిస్తే రేపటి సమావేశంలో చెప్పండి, నేను మీ వెనక ఉంటాను అంది. ఆవిడ పెరిగిన ఇంట్లో మనిషికో ఫోను, కుక్కపిల్లకు కూడా ఉండేదేమో. ఆవిడకు కిటికీ గూడు తెలియదు. తెలిసినది తనకు.

ఆ సమావేశాలు ఎవరి సీట్లో వాళ్లు కూర్చుని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినేవి. ముఖాలు కనపడకూడదు, ఎవరో ఆవులించడం చూసి పెద్దాయనకు కోపం వచ్చినప్పటి నుంచి. గొంతులూ వినపడకూడదు, ఇంటినుంచి చేరినవాళ్లెవరిదో కుక్కర్ కూత వినిపించినప్పటి నుంచి. లోపలికి అడుగుపెట్టగానే అందరి మైకూ దానంతటదే ఆగిపోయేలా పెట్టించాడు. మాట్లాడాలంటే మైకు బొమ్మ నొక్కి మాట్లాడాలి. అన్నీ చెప్పాక ఆయన, అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పండి అంటాడు, కాస్త ఆగుతాడు, తరవాత పెన్నుకు మూత పెడతాడు. టక్ మంటుంది. ఆ చప్పుడుతో విషయం తేలిపోయినట్టు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకూ ఆ చప్పుడుకూ మధ్య ఎవరూ నోరు విప్పగా ఆమె వినలేదు. పక్క సీటు అతను దానికో లెక్క కట్టాడు, ఆ వ్యవధిలో ఒక తుమ్ము పడుతుంది, రెండు పట్టవు అని.

ఆ రోజు ఆమె మాట్లాడింది. ముందురోజు స్నానం చేస్తూ, బస్సులో నిలబడి, మళ్లీ మళ్లీ సర్దుకున్న మాటలు. అభ్యంతరం ఉన్నవాళ్లు అన్న మాట వినగానే వేలితో బొమ్మ నొక్కింది, నొక్కిందనే అనుకుంది, గొంతు సవరించుకుని చెప్పింది. సర్, చాలా ఇళ్లలో ఒకే ఫోను ఉంటుంది, మా ఇంట్లో అంతే, ఇంట్లో అందరూ ఆ నంబరే ఇస్తారు, నంబరును నమ్మితే ఇద్దరి రక్తం ఒకరి పేరు కింద చేరుతుంది. ఇంత పొడుగు వాక్యం ఆమె ఆఫీసులో ఎప్పుడూ చెప్పలేదు. తన గొంతు తనకే బావుందనిపించింది. చెప్పడం అయ్యాక చూస్తే తెర కింద చిన్న అక్షరాలు. మీ మైకు ఆపి ఉంది. టక్.

ఆ చప్పుడు తరవాత తనకు కలిగినదేమిటో ఇప్పటికి ఎన్నిసార్లు తవ్వి చూసుకుందో. సిగ్గు అనుకుంది కొన్నాళ్లు. కంగారు అనుకుంది. కాదు. హాయి. పిప్పి పన్ను పీకించుకోవడానికి వెళ్తే వైద్యుడు రాలేదని తెలిసినప్పటి హాయి. చెప్పాను కదా, ఎవరికీ వినపడకపోతే నా తప్పా. ఈ హాయి ఆమెకు పాతదే. బడిలో పంతులుగారు లెక్క అడిగితే అందరికన్నా ముందు ఆమెకే వచ్చేది, పెదాల కిందే చెప్పుకునేది, ముందు బెంచీ పిల్ల అది విని గట్టిగా చెప్పి శభాష్ అనిపించుకునేది, ఈమెకు ఏడుపు రాలేదు ఏనాడూ, జవాబు సరిపోయిందన్న తృప్తితో ఇంటికి వచ్చేది. బంగారు పిల్ల, నోట్లో నాలుక లేదు అని పంతులుగారు నాన్నతో మెచ్చుకోలుగా అన్నారు. నానమ్మ మాత్రం అది విని మూతి తిప్పింది, నాలుక లేకపోతే ముద్ద ఎలా మింగుతుందిరా, ఉంది, దాచుకుంది అంది. దాచుకుంది. నానమ్మ అంత సూటిగా ఆమెను ఇంకెవరూ చూడలేదు. ఆఫీసులో పక్క సీటు అతను మునీశ్వరి అని పిలిస్తే, ఇవాళ్టి మాటల కోటా అయిపోయిందా తల్లీ అని ఏడిపిస్తే, అదీ బిరుదులాగే మోసింది. మౌనంగా ఉండేవాళ్లను అందరూ మంచివాళ్లనుకుంటారు. ఎంత చవకగా వచ్చిన మంచితనం.

అక్కడితో అయిపోయి ఉంటే మైకును తిట్టుకుని బతికేయొచ్చు. అక్కడితో అవలేదు. పెద్దక్క సీటు ఎదురుగా గాజు పలక అవతలే. ఆవిడ చూసింది. వినపడకపోయినా పెదాలు కదలడం చూసింది. సమావేశం అయ్యీ అవగానే చెప్పులు లేకుండానే లేచి వచ్చి, బల్ల అంచు మీద చెయ్యి వేసి, "ఏదో చెప్పావు కదా ఇందాక. ఏమిటది?" అని అడిగింది. తొందరగా అడగలేదు. అడిగి నిలబడింది. ఆ పక్కన నీళ్ల యంత్రం గుడగుడమంది, ఎవరో నవ్వారు, కిటికీ అద్దం మీద ఈగ ఒకటి పైకి పాకి జారి మళ్లీ పాకింది, ఇవన్నీ గుర్తున్నాయి ఆమెకు, అంటే అంత సమయం ఉంది. పెన్ను మూత లేదు, పెద్దాయన లేడు, మైకు లేదు, ఉన్నది ఒక అక్క, ఆవిడ చెయ్యి, తన నోరు. ఏం లేదక్కా అంది. నిజంగానా అంటే, "ఏం లేదక్కా, ఊరికే పాట పాడుకుంటున్నాను" అంది. పాట. ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ అబద్ధం, అడగని వివరంతో సహా. పెద్దక్క నవ్వి, నువ్వు పాడతావని తెలియదే అని భుజం తట్టి వెళ్లిపోయింది. నువ్వు ఏం లేదంటే ఏం లేనట్టే అన్న నమ్మకంతో వెళ్లి, ఆ పద్ధతి సరేనని తన పేరు కింద సంతకం పెట్టి ఒప్పుకుంది. ఎందుకు అలా అన్నాను అని ఆమె తనను తాను నిలదీసుకుంటే ఒక్కటే జవాబు వస్తుంది, మళ్లీ అంత పొడుగు వాక్యం చెప్పే ఓపిక లేక. అంతే. భయం కూడా కాదు. బద్ధకం.

తరవాత ఏమైందో ఆమే వెతికి తీసింది, తప్పు ఎక్కడుందో కనిపెట్టమని ఆమెకే అప్పగించారు. ఫిర్యాదు చేసిన ఫోను రికార్డు కూడా వినాల్సి వచ్చింది, అన్నం డబ్బా ముందు పెట్టుకుని చెవులకు తగిలించుకుంది, డబ్బా మూత తీయలేదు ఆ రోజు. ఒక ముసలావిడ. గొంతులో కోపం లేదు, అదే ఓర్చుకోలేకపోయింది ఆమె. ఆవిడ భర్త గుండెకు ఎప్పట్నుంచో రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాడు, నెలనెలా పరీక్ష, దాన్నిబట్టి మోతాదు. ఈవిడకు కంటి పొర తీయించాలి, దానికి ముందు రక్తం గడ్డకట్టే పరీక్ష చేయమన్నారు. ఇద్దరిదీ ఒకటే నంబరు. ఈవిడ ఫలితం వెళ్లి ఆయన పేరు కింద కూర్చుంది. వైద్యుడు తెర మీద చూసి, రక్తం చిక్కబడిపోయిందనుకుని మోతాదు పెంచాడు. ఆయన కంట్లో రక్తం చిమ్మింది. మాకు ఇద్దరికీ ఒకటే ఫోనమ్మా అని ఆవిడ మొదట తప్పంతా తమదే అన్నట్టు చెప్పుకుంది. అవతల ఫోనెత్తిన పిల్ల, సారీ అమ్మా, మీ సమస్య నమోదు చేసుకున్నాం అంటుంటే ఆవిడ, "నా కన్ను బాగు చేయించుకుందామని వెళ్తే ఆయన కన్ను పోయింది తల్లీ" అంది. అవతల పిల్ల మళ్లీ సారీ అమ్మా అనే అంది. అది ఆ పిల్ల తప్పు కాదు. అది ఎవరి తప్పు. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఎవరి పిడికెడు వాళ్లు తీసుకోవాలి కదా మరి, ఇక్కడ చేతులు అందరూ వెనక్కి పెట్టుకున్నారు.

పొద్దున్నుంచి ఒక్కొక్కరే ఆ గాజు గదిలోకి వెళ్లి వస్తున్నారు. పక్క సీటు అతను బయటికి వచ్చి, ఎప్పుడూ ఏదో ఒకటి అనకుండా ఉండలేనివాడు, ఇవాళ నవ్వకుండా అన్నాడు, తెలియదన్నాను, నువ్వూ అదే అను, అందరం శాకాహారులమే, బుట్టలో రొయ్యలే మాయం. అతనికి ఇద్దరు పిల్లలు. ఆమె అతణ్ని ఏమీ అనుకోలేదు. ఆ రోజు అతనూ హెడ్‌ఫోన్లు తగిలించుకునే ఉన్నాడు, అతనికి నిజంగానే తెలియకపోవచ్చు కూడా. అందరూ తెలియదన్నాక మిగిలేది పేరు కింద ఒప్పుకున్న పెద్దక్క. జట్టును అడగలేదు, సరిచూడలేదు, తొందరపడింది, అదీ ఇప్పుడు లోపల పేరుస్తున్న మాట. అడిగిందని తెలిసినది ఇద్దరికే. అడిగినావిడకు, ఏం లేదన్న తనకు. లోపలికి వెళ్లి ఆ ఒక్కటీ చెబితే చాలు, అక్క అడిగింది, నేను దాచాను. ఉద్యోగం పోతుంది. నాన్నకు ఏం చెప్పాలి, అమ్మకు ఏం చెప్పాలి, పోతే పోయింది ఇంకోటి వస్తుంది అని అమ్మ అంటుంది, అని గూట్లో ఫోను వైపు చూస్తూ కూర్చుంటుంది. పోతుందన్న భయం కన్నా, చెప్పబోయి మళ్లీ పెదాల కిందే చెప్పుకుని బయటికి వస్తానేమోనన్న భయమే ఆమెకు ఎక్కువగా ఉంది. తనను తాను అంత బాగా ఎరుగును.

పాదాలు కదిలాయి. పాలరంగు కాగితం పైన పెద్దక్క తల లేచింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ ముఖంలో ఏడుపు లేదు, ఎక్కువసేపు ఎండలో నిలబడి నీడలోకి వచ్చినవాళ్ల ముఖంలా ఉంది. ఆమె లేవబోతే ఆ పల్లపు కుర్చీ వదల్లేదు, తడబడితే పెద్దక్కే చెయ్యి ఇచ్చి లేపింది. లేపి చెయ్యి వదలకుండానే, మెల్లగా, "నీ పేరు నేనెత్తలేదు. ఆ రోజు నువ్వు పాడింది పాట కాదని నాకు తెలుసులే" అంది. ఎప్పటినుంచి తెలుసు. అప్పుడే తెలిసిందా, ఇది జరిగాక ఆ రోజును వెనక్కి తిప్పి చూసుకుంటే తెలిసిందా. అడగాలనుకుంది. అక్కా అన్న ఒక్క మాటే వచ్చింది. పెద్దక్క లిఫ్టు వైపు నడిచింది, సంచీ భుజానికి ఉంది, ఆ సంచీ ఇవాళ మరీ ఉబ్బి ఉంది, బల్ల సొరుగులో దాచుకునే శాలువా అంచు బయటికి వేలాడుతోంది. అంటే లోపలికి వెళ్లేముందే సర్దుకుంది.

గదిలో బల్ల చుట్టూ ముగ్గురు, ఒకరు తథాస్తు. గోడ మీద పెద్ద తెర, తెర నిండా పెద్దాయన, వెనక ఎక్కడిదో పూల పరదా. ఆయన మాట్లాడుతున్నాడు. చెయ్యి ఊపుతున్నాడు, కనుబొమలు ఎగరేస్తున్నాడు, వేలు చూపిస్తున్నాడు. చప్పుడు లేదు. మొదట తన చెవులే మూసుకుపోయాయనుకుంది, తరవాత తెర మూల ఎర్రగా అడ్డుగీత కొట్టిన మైకు బొమ్మ చూసింది. ముగ్గురూ తలలు ఊపుతున్నారు. ఆయన చేతిని బట్టి ఊపుతున్నారు, చెయ్యి పైకి లేస్తే జోరుగా, కిందికి వస్తే నెమ్మదిగా. ఎంతసేపటి నుంచి. పెద్దక్క ముందు కూడా ఇలాగేనా. ఆమెకు నవ్వు వచ్చింది, నవ్వు గొంతు దాకా వచ్చి అక్కడ ఇంకేదో అయింది, ఎందుకంటే తన తల కూడా అప్పటికే ఒకసారి ఊగింది.

"సర్, మీ మైకు ఆపి ఉంది" అంది ఆమె. గట్టిగానే అంది, గాజు గదిలో ఆ మాట గోడకు తగిలి వెనక్కి వచ్చింది. తథాస్తు ఆమెను చూసిన చూపు, సభలో ఎవరిదో పంచె జారిందని అరిచినవాళ్లను చూసే చూపు. పెద్దాయన ఎక్కడో నొక్కాడు. గొంతు వచ్చింది. "ఎక్కడిదాకా విన్నారు?"

"అంతా విన్నాం సర్" అన్నాడు తథాస్తు.

సరే అయితే అది ఖాయం చేసేయండి, ఆవిడ సంగతి అయిపోయింది కదా, ఈ అమ్మాయి ఏమంటుంది అన్నాడు పెద్దాయన, ఆమెను మళ్లీ తప్పు పేరుతో పిలిచాడు. కూర్చోమని ఎవరో కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు. కూర్చుంటే పాదాలే మిగులుతాయి. ముందే తెలుసా అని అడిగారు, అడుగుతూనే పెద్దాయన పెన్ను మూత చేతిలోకి తీసుకున్నాడు. తెలుసు, అంది. తథాస్తు దగ్గాడు. నా పేరు అది కాదు సర్, అంది తరవాత, అది చెప్పాలనుకోలేదు, అదే వచ్చింది, అసలు పేరు చెప్పింది. టక్ మంది. ఆమె ఆగలేదు. మా ఇంట్లో ఫోను కిటికీ గూట్లో ఉండేది అని మొదలుపెట్టింది, అక్కడినుంచి మొదలుపెడితేనే ఆ వాక్యం తనకు వస్తుంది, అమ్మ అంకెల్లాగా, మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి. అక్క వచ్చి అడిగింది, నిలబడి అడిగింది, నేను పాట అన్నాను అంది. సరే సరే అని ఎవరో అంటున్నారు, ఇప్పుడివన్నీ ఎందుకమ్మా అని, అది తేలిపోయింది కదా అని. నిజమే, ఏమీ మారదు, పోయిన కన్ను రాదు, ఆ రోజు బల్ల అంచు మీది చెయ్యి మళ్లీ అక్కడికి రాదు. ఈ మాటకు ఒక వేళ ఉండేది, ఆ వేళకు చెబితే ఇది ఒక ముసలాయన చూపు. ఇప్పుడిది మాట మాత్రమే. అయినా చెబుతూనే ఉంది, ఆ ముసలావిడ గొంతు విన్నారా మీరెవరైనా అని అడుగుతోంది, అడుగుతూ, వాళ్ల ముఖాలు చూడలేక పాలరంగు కాగితం మీదుగా బయటికి చూసింది.

లిఫ్టు ముందు పెద్దక్క నిలబడి ఉంది. ఇటే చూస్తోంది. అంత దూరానికి, గాజు అవతలికి, ఒక్క మాట కూడా వినపడదు. ఆవిడకు కనిపించేది కదులుతున్న పెదాలే. లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకుని, కాసేపు ఆగి, మూసుకున్నాయి. పెద్దక్క ఎక్కలేదు.